డ్రోన్‌కు ట్రాఫిక్ ఉండదు

కోకాపేట మీద డ్రోన్ ఎగరేస్తే చాలు, హైదరాబాద్ సింగపూర్ అయిపోతుంది. అద్దాల మేడలు, ఔటర్ రింగు రోడ్డు మెలికలు, పక్కనే గండిపేట నీళ్లు, వెనక ఓ సినిమా పాట.

2023 ఆగస్టులో ఇక్కడి నియోపోలిస్ లేఅవుట్ భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత పోసి కొన్నవాడికి జానెడు నేల ఖాళీగా వదలడానికి మనసెలా ఒప్పుతుంది? మేడలు మబ్బుల్లోకి పోక ఎక్కడికి పోతాయి!

ఆ గండిపేట జలాశయం 1908 మూసీ వరద తర్వాత, మళ్లీ ఊరు మునగకూడదని కట్టింది. ఆ సంగతి రీల్స్‌లో ఉండదు. గట్టి వాన పడితే చెరువయ్యే రోడ్లూ ఉండవు. సాయంత్రం గచ్చిబౌలి దారిలో కదలని కార్ల ఎర్ర లైట్లు మాత్రం ఉంటాయి. పైనుంచి అవీ ముచ్చటగానే కనిపిస్తాయి.

ఫ్లాటుతో పాటు హెలికాప్టర్ ఇస్తారా అన్నది బ్రోషర్‌లో ఇంకా అచ్చు కాలేదు.