తడవని పెద్దమనిషి

ఇంగ్లండు నైరుతి మూల ఎక్స్‌మూర్ అనే కొండబీడు ఉంది. అక్కడి నాటు పోనీ గుర్రాలను చూపిస్తామంటూ జనాన్ని వెంటేసుకుని తిరిగే పెద్దమనుషులు కొందరుంటారు. వాళ్లంతా ఒకే అచ్చు. అరవై దాటి ఉంటాయి, ఉద్యోగం అయిపోయి ఉంటుంది, ఒక మోకాలు మార్పించుకుని ఉంటారు. జీతం ఉండదు, ఉత్సాహానికి లోటుండదు. మెడలో ప్లాస్టిక్ సంచీలో మ్యాపు, దాని పక్కన ఈల, చేతిలో కర్ర. ఒంటి మీది కోటు ఒకప్పుడు పచ్చరంగుదని జేబు మూతలు ఎత్తి చూస్తే తప్ప తెలియదు.

ఇలాంటాయనకు వాన లేదు. పడదని కాదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే గాలికి అడ్డంగా నిలబడ్డ ఎత్తు అది, పడుతూనే ఉంటుంది. ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోడు. వాతావరణం నిలకడగా ఉండదని రేడియోలో చెప్పారంటే ఆ రోజు ఆయనకు సుముహూర్తమే. కార్ పార్కులో దిగేసరికి తుంపర. "తెరిపిస్తోంది" అంటాడు. నాలుగడుగులు వేసేసరికి జల్లు అడ్డంగా చెంపల మీద కొడుతుంది. "గాలి మారింది, మంచిదే" అంటాడు. మంచు కమ్మి ముందు మనిషి వీపు కూడా కనపడనప్పుడు ఆగి, కర్ర ఎత్తి, తెల్లటి శూన్యంలోకి చూపించి, "అదిగో డంకరీ బీకన్, 519 మీటర్లు, ఇక్కడ ఇంతకంటే ఎత్తు లేదు" అంటాడు. అందరూ అటు తిరిగి, గుళ్లో తెర వేసి ఉండగానే దణ్ణం పెట్టుకునే భక్తుల్లా తలలూపుతారు.

ఆరునెలల వీసా మీద పిల్లల దగ్గరికొచ్చిన మాబోటి వాళ్లు ఆ గుంపులో చేరితే, ముందు ఆయన చూపు గొడుగు మీద పడుతుంది. ఏమీ అనడు. అనకపోవడంలోనే అంతా ఉంది. అక్కణ్ణుంచి చూపు బూట్ల మీదికి దిగి, ఇలాంటి తల్లిదండ్రుల్ని ఇలాంటి బూట్లతో తీసుకొచ్చిన కొడుకు ముఖం దాకా వెళ్లి ఆగుతుంది. మా ఆవిడ మాత్రం చీర మీద స్వెట్టరు, ఆ పైన కోడలి రెయిన్‌కోటు తొడుక్కుని, కుచ్చెళ్లు ఎగదోపి నిలబడింది. ఆమెను చూసి మెచ్చుకోలుగా తలాడించాడు. పొరలు పొరలుగా వేసుకోవడం ఆయన మతం. ఆ మతంలో ప్రవక్త పోనీ.

అవి విన్స్‌ఫర్డ్ హిల్ మీద ముళ్లపొదల పక్కన ఉన్నాయి. భుజం దగ్గర నాలుగడుగుల పైచిలుకు ఎత్తు, ముదురు గోధుమరంగు, మూతి మాత్రం పిండిలో ముంచి తీసినట్టు లేత రంగు. అన్నీ మాకు వెనకభాగం చూపిస్తూ నిలబడ్డాయి. "మర్యాద తెలియక కాదు, వాన అటునుంచి వస్తోంది" అని ఆయనే వాటి తరఫున సంజాయిషీ ఇచ్చి, గొంతు తగ్గించి పాఠం మొదలుపెట్టాడు. తోక మొదట్లో పొట్టి వెంట్రుకలు పరుచుకుని ఉంటాయి, నీళ్లు పక్కలకు జారిపోతాయి. కంటి చుట్టూ కండ ఉబ్బి ఉంటుంది, చినుకు కంట్లో పడదు. చలికాలానికి లోపల ఉన్నిలాంటి బొచ్చు, పైన జిడ్డు వెంట్రుకలు వస్తాయి. ఒంటి వేడి బయటికి పోదు గనక వీపు మీద మంచు పేరుకున్నా కరగదు. "నా కోటు మూడు వందల పౌండ్లు. వీటికి ఏటా కొత్తది, ఊరికే" అన్నాడు. ఇంత చెబుతున్నా ఆయన ముక్కు కొసన ఒక బొట్టు వేలాడుతూనే ఉంది. రాలదు, ఆయన తుడుచుకోడు. నేను సగం పాఠం దాన్నే చూశాను.

1818 సంగతులు పోయిన నెలలో జరిగినట్టు చెబుతాడు. ఆ ఏడు రాజుగారి అడవిని అమ్మేస్తే, దాన్ని చూసుకునే ఆక్లండ్ దొర 30 పోనీలను ఈ కొండకు తోలుకొచ్చాడట. ఇక్కడున్నది వాటి సంతతే. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు గురిచూసి కాల్చినవి కొన్ని, మాంసానికి దొంగలు తోలుకుపోయినవి కొన్ని, చివరికి యాభై దాకా మిగిలాయి. మేరీ ఎథరింగ్టన్ అనే ఆవిడ పట్టుబట్టి జాతిని నిలబెట్టింది. "అంటే ఇవి అడవి గుర్రాలా?" అని మావాడు అడిగితే ఆయన మనసు చివుక్కుమంది. ప్రతిదానికీ యజమాని ఉన్నాడు. ఏటా శరత్కాలంలో అన్నిటినీ పొలాలకు తోలి, పిల్లలను పరీక్షించి, మళ్లీ కొండకు వదులుతారు.

అంతలో ఒక పోనీ మెడ తిప్పి మా ఆవిడ సంచీ వైపు ముక్కు చాచింది. లోపల పులిహోర. దానికంటే ముందే గైడుకు వాసన తగిలింది. "తినిపించకండమ్మా, రుచి మరిగితే కార్ల వెంట పడి రోడ్డు మీద చస్తాయి" అన్నాడు. "దానికెవరు పెడతారు? ఆయనకే పెడదామని. పొద్దుట్నుంచీ అరుస్తూనే ఉన్నాడు పాపం" అంది మా ఆవిడ. మావాడు మొదటి ముక్కనే ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన నిలబడే తిన్నాడు. పంటికింద ఎండుమిరపకాయ పడ్డ చప్పుడు నాకు వినపడింది. ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

దిగేటప్పుడు వాన దంచింది. మావాడు ఉండబట్టలేక, "ఇదైనా వానేనా సార్?" అన్నాడు. ఆయన ఆగాడు. 1952 ఆగస్టు 15న ఈ కొండబీడు మీద ఒక్కరోజులో 229 మిల్లీమీటర్లు కురిసిందనీ, ఆ రాత్రి నదులు పొంగి కింద సముద్రపొడ్డున లిన్మత్ ఊరి మీద పడితే 34 మంది పోయారనీ చెప్పాడు. "వాన అంటే అది" అని, మాలో ఎవరూ తప్పిపోలేదని వేలితో లెక్కపెట్టుకుని ముందుకు నడిచాడు.

కార్ల దగ్గర కోటు విదిలించి, టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఆయన ఆ రోజంతటిలో మొదటిసారి దిగాలుపడ్డాడు. వచ్చే ఆదివారం పొద్దస్తమానం ఎండేనట. "ఇక జనాన్ని ఆపలేం" అన్నాడు.