ఒక బిల్లుకు మల్లినాథీయం

మూలం: “టూ స్టేజ్ పెయింట్ కరెక్షన్ విత్ సర్ఫేస్ డీకంటామినేషన్ అండ్ మిర్రర్ ఫినిష్ రెస్టోరేషన్. రూ. 8,500. జీఎస్టీ అదనం.”

అవతారిక: ఈ గద్యం కార్లకు మెరుగుపెట్టే ఒకానొక దుకాణం బిల్లు నుండి గ్రహింపబడినది. యతి లేదు, ప్రాస మాత్రం నా పర్సుతో కుదిరింది. నాయకుడు మా నల్ల కారు. వ్యాధి, బానెట్ నిండా తెల్లని వలయాలు. కోలాచల మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమే నాకు శక్యం.

టీక: టూ, స్టేజ్, పెయింట్: స్పష్టం. విత్, అండ్: పాదపూరణకు. రూ. 8,500: మిక్కిలి స్పష్టం. కరెక్షన్ అనగా దిద్దుబాటు. గురజాడవారి 1910 నాటి ‘దిద్దుబాటు’లో దారికొచ్చింది మొగుడు. ఇక్కడ ఎవరన్నది ముందుముందు తేలుతుంది.

డీకంటామినేషన్ అనగా మాలిన్య నిర్మూలనం. ఏమిటా మాలిన్యం? కౌంటర్‌లోని పెద్దమనిషి “మినరల్ డిపాజిట్స్ సార్, కాంటామినెంట్స్” అన్నాడు. వెనకాల బకెట్‌తో నిలబడ్డ కుర్రాడు “సున్నం సార్” అన్నాడు. పెద్దమనిషి వాడి వంక కొరకొరా చూశాడు.

సున్నం! చూర్ణం ప్రాకృతం మీదుగా అరిగి అరిగి సున్నమైంది. శూన్యం అలాగే అరిగి సున్న అయింది. ఒకటి కారు మీద, ఒకటి జేబులో. ఎంత చుట్టరికం! సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే బుసలు కొడుతూ ఉడుకుతుంది. గోడకు పూస్తే, పోయిన వాయువును గాలిలోంచి మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. అంటే మా తాతగారి ఇంటి తెల్లగోడ రాయిగా పుట్టి, బట్టీలో చచ్చి, మళ్లీ రాయిగా పుట్టినది. తమలపాకు మీద గోరంత రాసుకుంటే తాంబూలం ఎర్రగా పండుతుంది, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. ఔచిత్యమంటే ఏమిటో మా నాయనమ్మ అలంకారశాస్త్రం చదవకుండానే సున్నపుకాయతో నేర్పింది. పిడుగురాళ్లలో ఇన్ని బట్టీలు పెట్టి తీసే సరుకుకు మూలపదార్థాన్ని మా అపార్ట్‌మెంట్ బోరు పైసా తీసుకోకుండా పోస్తోంది. తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, గత్యంతరం లేకపోతే 600 దాకా ఓర్చుకోవచ్చని 2012 నాటి భారత ప్రమాణం. గీజర్ కాయిల్, కుళాయి మూతి, పప్పు ఎంతకీ ఉడకని కుక్కర్, అన్నిటికీ ఇదే జబ్బు. వాటికెవరూ మిర్రర్ ఫినిష్ ఇవ్వరు. ఆ నీళ్లే మేం...

ఇంతకీ కారు.

పొద్దున్నే వాచ్‌మన్ బోరు నీళ్లు కొట్టి వెళతాడు. ఎండకు నీరు ఆవిరవుతుంది, సున్నం మిగులుతుంది. సగానికి సగం నీళ్లు కలిపిన తెల్ల వెనిగర్‌లో గుడ్డ ముంచి, నీడలో, చల్లటి బానెట్ మీద రెండు నిమిషాలు పరచి, వెంటనే మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలామటుకు పోతుంది.

పూర్వపక్షం: “సున్నం రంగు పైపొరను తినేస్తే?” నిజమే. నెలల తరబడి ఎండలో ఉడికితే మచ్చ దిగబడుతుంది. దానికి వెనిగర్ చాలదు, మెరుగు మందే పట్టాలి. పైన పారదర్శకపు పొర లేని పాతకాలపు రంగయితే అది వేరే జబ్బు. ఎండకు బంక చచ్చి రంగు పొడిగా రాలుతుంది. ఎర్ర కారును రుద్దిన గుడ్డ ఎర్రబడితే ఇదీ ఆ జబ్బేనని తెలుసుకోవాలి.

రెస్టోరేషన్ అనగా పునరుద్ధరణం. ఇక్కడే కవి హృదయం. మెరుగు మందులో ఉన్నది గరుకు పొడి. అది పైపొరను మైక్రాన్ల లెక్కన గీకి నున్న చేస్తుంది. ఆ పొర మొత్తం మందమే సుమారు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుకకన్నా పలచన. పోయినదాన్ని తెచ్చిపెట్టడం కాదిది, ఉన్నదాన్ని గీకడం. అప్పటికే ఊడి పొరలు లేస్తున్న చోట ఏ పాలిషూ పనిచేయదు, రంగు మళ్లీ వేయించాల్సిందే. గీకడానికి పునరుద్ధరణ అని పేరు పెట్టడం లక్షణ కాదు, వ్యంజన కాదు. దాన్నేమంటారో చెబితే నా మీద దావా పడుతుంది.

తాత్పర్యం: కారు అద్దంలా మెరిసింది, అబద్ధమెందుకు. తాళాలిస్తూ ఆ కుర్రాడు గొంతు తగ్గించి, “కడిగాక పొడిగుడ్డతో తుడిపించండి సార్, ఇంకేం అక్కర్లేదు” అన్నాడు. ఆధారం లేనిది చెప్పలేదు, అక్కర్లేనిది చెప్పలేదు. ఇంటికొచ్చి బిల్లు మళ్లీ చదివాను. అందులో ‘తుడుచుట’ అన్న క్రియ ఎక్కడా లేదు.

మర్నాడు ఆరింటికి లేచి చూసేసరికి వాచ్‌మన్ కారు కడిగి వెళ్లిపోయాడు. ఎండ అప్పుడే బానెట్ ఎక్కుతోంది. పాత పంచె పట్టుకుని పరుగెత్తాను.