పాట వినకుండా పండితుడవడం: ఖరగ్‌పూర్ ఖరిదా కుర్రాళ్లకు చిట్కాలు

తమ్ముడూ, రైల్వే వర్క్‌షాపులో నీ పక్కనోళ్లంతా 'మొహీనేర్ ఘొడాగులి' అనగానే కళ్లు మూసుకుంటున్నారు. నువ్వేమో ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలో తెలీక బుర్ర గోక్కుంటున్నావు. 1970ల నాటి కలకత్తా రాక్ బృందం అది. పేరు జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్నారు. మొహీన్ గుర్రాలు అని అర్థం. ఇంతకుమించి నేర్చుకుంటే చెడిపోతావు.

1. మొదటి రికార్డు ముట్టుకోకు. 1977 నాటి 'సంబిగ్న పాఖికుల్ ఓ కొల్‌కాతా బిషొయొక్' పేరు పలికేలోపే టీ చల్లారిపోతుంది. 1978లో ఒకటి, 1979లో ఒకటి, అంతే. మూడంటే మూడు, అవీ చిన్నవి. హౌరా లోకల్ ఎక్కితే ఆ 115 కిలోమీటర్లలో మూడూ వినేయొచ్చు. అందుకే ఆ బండిలో కిటికీ సీటు చూసుకుని నిద్రపో.

2. 1995లో వచ్చిన 'ఆబార్ బొఛొర్ కుడి పొరే' పట్టుకో. పాత బృందం ఎప్పుడో చెదిరిపోయాక గౌతమ్ చటోపాధ్యాయ్ కొత్తవాళ్లను కూడగట్టి చేసిన క్యాసెట్ అది. నువ్వు మాత్రం వాళ్ల మొదటి ఆల్బమ్ ఇదేనని బల్లగుద్ది చెప్పు. పేరులోనే 'మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత' అని ఉందే అని ఎవడైనా అంటే, "కవులంతే దాదా" అను.

3. ఆ ఆల్బమ్ కూడా విననక్కర్లేదు. అందులోని 'పృథిబీటా నాకి' బాణీయే 2006లో 'గ్యాంగ్‌స్టర్' సినిమాలో 'భీగీ భీగీ' అయింది. అది నీకెలాగూ వచ్చు. ఈల వేసి, "అసలుది వేరేలే" అని పెదవి విరిచేయ్. అసలుది పాడమనేలోపు వేడి సింఘాడా (అదే, సమోసా) నోట్లో కుక్కుకో. నాలుక కాలితే మరీ మంచిది, రెండ్రోజులు సెలవు.

4. ఇది మన ఖరిదా తెలుగోళ్లకే దక్కిన వరం, శ్రద్ధగా విను (పాట కాదు, నన్ను). బెంగాలీల దగ్గర దొరికిపోతే తక్షణం తెలుగోడివైపో. "మాది శ్రీకాకుళం దాదా, మీ కవిత్వం మాకేం తెలుస్తుంది" అను. మీ తాత రైల్వే పనికొచ్చి ఎన్నేళ్లయినా, నువ్వు ఇక్కడే పుట్టి బెంగాలీలోనే తిట్లు నేర్చుకున్నా సరే, ఆ పూటకి నిన్ననే బండి దిగినట్టు ముఖం పెట్టు. మనోళ్ల దగ్గర దొరికిపోతే బెంగాలీవైపో. పెదనాన్న "ఏట్రా ఆ పాట?" అంటే, "ఈ మట్టిలో పుట్టినోడికే తెలుస్తాది" అను. పెదనాన్నా ఈ మట్టిలోనే పుట్టాడు, ఆ సంగతి ఎత్తకు. మన తెలుగోళ్ల మాతా పూజ రోజుల్లో మాత్రం బెంగాలీలూ మనోళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అప్పుడు జ్వరం తెచ్చుకో.

5. జ్వరం రాకపోతే మన ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం ఉంది. "1072 మీటర్లు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైంది" అని మొదలుపెట్టు. 2013లో గోరఖ్‌పూర్ 1366తో లాగేసుకుందని ఒకడు లేస్తాడు. ఇప్పుడు హుబ్బళ్లి, 1507 అని ఇంకొకడు లేస్తాడు. వాళ్లు కొట్టుకుంటూ ఉంటారు, నువ్వు చీకటి పడకముందే జారుకో.

6. ఐఐటీ స్ప్రింగ్ ఫెస్ట్‌లో వైల్డ్‌ఫైర్ రాక్ పోటీకి వెళ్లక తప్పకపోతే గోల్‌బజార్లో గాజుపట్టకం బొమ్మ టీషర్టు కొనుక్కో. అది 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ అట్ట. పేరేమిటని అడిగితే "వెనక రాసుంది చూడు" అని తిరుగు. తిరిగినవాడివి అలాగే నడుచుకుంటూ పో.

7. చివరికి ఒక రిటైరైన దాదా తగులుతాడు. 1977 రికార్డు తన దగ్గరే ఉందని, ఆదివారం ఇంటికొస్తే వినిపిస్తానని అంటాడు. ఇంతకంటే ప్రమాదం లేదు. వెంటనే ఐదొందలు అప్పడుగు. ఇస్తే తీర్చకు. ఇవ్వకపోతే అలుగు. ఆదివారం మళ్లీ పిలవడు.

నెలకొకరిని ఇలా వదిలించుకుంటే ఏడాది తిరిగేసరికి టీ కొట్టు బెంచీ మొత్తం నీదే. కాళ్లు చాపుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకో. ఫోనుకి తగిలించక్కర్లేదు, తీగ జేబులోకి పోనీ చాలు.