మురుగునీటి విషయంలో వినకూడని ఆరు సలహాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి స్టీలు ప్లాంటు పనికీ, రైల్వే పనికీ వచ్చి భిలాయి-3లో, ఆ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్లాంటు సెక్టార్లకు భూగర్భ మురుగుకాల్వలున్నాయి. బయటి కాలనీల్లో, బస్తీల్లో చాలా ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకే దిక్కు. దాని గురించి మేస్త్రీ నుంచి పక్కింటాయన దాకా అందరూ సలహాలు చెబుతారు. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి.

1. “అడుగున కాంక్రీటు వేయకండి, ట్యాంకు జన్మలో నిండదు.”
నిజమే, నిండదు. ఎందుకంటే అది నేలలోకి కారుతూ ఉంటుంది. ఆ క్రిములు మీ బోరులోకో పక్కింటి బావిలోకో చేరి కామెర్లు, టైఫాయిడ్ తెస్తాయి. అడుగూ గోడలూ గట్టిగా ఉండాలి, లోపల రెండు అరలుండాలి. బయటికొచ్చే నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. గుంతకూ బోరుకూ మధ్య యాభై అరవై అడుగుల దూరం ఉంచండి.

2. “పొంగినప్పుడు తీయిద్దాం లెండి.”
పొంగేసరికే ఆలస్యమైనట్టు. అడుగున మడ్డి పేరుకునే కొద్దీ నీరు తేరుకోవడానికి చోటు తగ్గుతుంది, మురికి అలాగే బయటపడుతుంది. రెండు మూడేళ్ళకోసారి తీయించాలి. తీయించిన తేదీ గోడమీద రాసిపెట్టుకోండి.

3. “వాసనొస్తే యాసిడ్, ఫినాయిల్ బాగా పోయండి.”
ట్యాంకులో మలాన్ని కుళ్ళబెట్టి తగ్గించేది సూక్ష్మజీవులే. మీరు పోసింది ముందు వాటినే చంపుతుంది. వాసన వస్తుంటే గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూడండి.

4. “నాలాలోకి పైపు పెట్టేస్తే పీడా పోతుంది.”
మీ పీడ పోతుంది, కిందివాళ్ళకు పట్టుకుంటుంది. ఇక్కడి నాలాలు చివరికి ఖారూన్, శివనాథ్ నదుల దారి పడతాయి. ఖారూన్ శివనాథ్‌లో, శివనాథ్ మహానదిలో కలుస్తాయి. ఆ ఒడ్డున స్నానాలు చేసేదీ, పశువుల్ని తోలేదీ మనలాంటివాళ్ళే.

5. “అగ్గిపుల్ల గీసి చూసి, మనిషిని దింపండి.”
ఇంతకంటే ఘోరమైన సలహా లేదు. లోపల మీథేన్ ఉంటే మంట భగ్గుమంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి క్షణాల్లో కూలిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పైకి రాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నేరంగా ప్రకటించింది. ఇలాంటి పనిలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మిషను బండినే పిలిపించండి. సహాయానికి 14420 నంబరు ఉంది.

6. “శుద్ధి చేయడం మహానగరాల పని, మన చిన్న ఊరివల్ల అవుతుందా?”
అవుతుంది. భిలాయి టౌన్‌షిప్ మురుగుకే ఆక్సిడేషన్ చెరువులు వాడారు. లోతు తక్కువ చెరువులో నీటిని రోజుల తరబడి నిలబెడతారు. ఎండకు నాచు పెరిగి ప్రాణవాయువు ఇస్తుంది, దాంతో సూక్ష్మజీవులు మురికిని విరగ్గొడతాయి. కరెంటు అక్కర్లేదు. ఎండకు కొదవలేని ఈ ప్రాంతానికి సరిపోయే పద్ధతి. విడిగా ఉండే ఇళ్ళకు రెండు గుంతల మరుగుదొడ్డి చాలు. ఒకటి నిండాక రెండోది వాడుతూ, మొదటిదాన్ని ఏడాదికి పైగా వదిలేస్తే అది ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గర గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలాంటి గుంతలోకి స్వయంగా దిగి ఎరువు తీసి చూపించారు.

ఆఖరుగా ఒక మాట. ట్యాంకు ఖాళీ చేసిన బండి ఆ మడ్డిని ఎక్కడ పోస్తోందో కనుక్కోండి. ఏ పొలం గట్టునో, నాలాలోనో అయితే పని సగమే అయినట్టు. ఈ వానాకాలం రాకముందే నలుగురూ కలిసి మీ వార్డు పార్షద్‌ను అడగండి: మా మురుగు చివరికి ఎక్కడికి పోతోంది? జవాబు వచ్చేదాకా వదలకండి.