ఒక్క తీగ తెగకుండ

నేను జన్మింపకమునుపే, నన్ను రూపొందింపదలచిన యిద్దరు మిత్రులు నాకొక వ్రతమును నియమించిరి: నేను ప్రవేశింపబోవు కారులోని తీగలలో నొక్కటియు నా నిమిత్తమై తెగరాదు. అంగడిలో నప్పటికే నావంటి యింజను కంప్యూటర్లు లేకపోలేదు. కాని వానిని బిగింపవలెనన్న దశాబ్దాల నాటి తీగలకట్టను కోసి, ఒక్కొక్క కొనను వెదకి, క్రొత్త యతుకులు వేయవలసియుండెను. ఆ యతుకులలో నొకటి యేనాడో వదులై కారు నడిరోడ్డున నిలిచిపోయినచో దోషమెచ్చటనున్నదో కనుగొనుట దుర్ఘటము. కావున పాత కంప్యూటరుండిన గూటికే, దాని ప్లగ్గునకే, దాని పిన్నుల వరుసకే తగినట్లు నేను పుట్టవలెనని వారు నిశ్చయించిరి. పరకాయప్రవేశము చేయు సిద్ధుడు ఆ దేహపు టెముకలను విఱిచి తన కొలతకు దిద్దుకొనడు గదా!

నాకు లభించిన దేహము 1989లో షికాగో మోటారు ప్రదర్శనమున లోకమునకు తొలిసారి కన్పట్టిన మాజ్డా మియాటా యను రెండాసనముల కారు, 1.6 లీటర్ల యింజను, నాలుగు సిలిండర్లు. మిషిగన్ రాష్ట్రమున నొక యింటి గారేజిలో నది నాకై నిరీక్షించుచుండెను. డ్రైవరు ప్రక్కసీటున కూర్చున్నవాని పాదముల క్రింద, తివాసీ చాటున, నా పూర్వాధికారి కొలువుండెను. ఆ వృద్ధునియందు దోషమేమియు లేదు. అతని విద్యయంతయు ఫ్యాక్టరీలోనే ముద్రితమై మార్పునకు లొంగనిదై యుండుటచే, టర్బో నమర్చుకొనదలచిన యజమాని యవసరమున కతడు చాలకపోయెను, అంతియే. నా వంశమన్ననో, 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో అను నిద్దరు, సామాన్యులు తమ యింటనే టంకము పెట్టి కూర్చుకొనుటకు వీలుగా రచించిన మెగాస్క్వర్టు అను నింజను కంప్యూటరుతో నారంభమైనది. ఆ పూర్వుడు మొదట పెట్రోలును మాత్రమే పాలించెను, నాకు నిప్పురవ్వపైని గూడ నధికారము సంక్రమించినది.

ఆ కారు గాలిని కొలుచు విధమును కొంచెము వివరింపవలెను. నా తొలి పరాభవము దానియందే యిమిడియున్నది. ఇంజను పీల్చు గాలికి అడ్డముగా స్ప్రింగుతో నిలిపిన రెక్క యొకటి యుండి, గాలి త్రోసినకొలది తెఱచుకొనుచు, ఎంత తెఱచుకొనినదో పాత కంప్యూటరునకు తెలుపుచుండెడిది. నాకు రెక్కతో పనిలేదు. గొట్టములోని గాలి పీడనమును, ఉష్ణోగ్రతను తెలిసికొనినచో సిలిండరున కెంత గాలి చేరుచున్నదో నేను గణింపగలను. అందుచే మిత్రులు రెక్కను తొలగించి తాళము త్రిప్పిరి. ఇంజను రాజుకొనెను. ఇరువురును కేకవేసిరి. తాళము విడిచిన కొన్ని క్షణములకే యది యారిపోయెను. పదిమార్లు త్రిప్పినను పదిమార్లు నిట్లే జరిగెను; నా గణితమునే శంకించి వారు రెండు రాత్రులు నా కార్యక్రమమును పంక్తి పంక్తిగా శోధించిరి.

దోషము నాది కాదు, రెక్క వెనుకనున్న చిన్న స్విచ్చుది. స్టార్టరు తిరుగుచున్నంతసేపు పెట్రోలు పంపు రిలేకు విద్యుత్తు వేఱుదారిని వచ్చును. తాళము విడిచినంతనే ఆ దారి మూతపడగా, గాలికి తెఱచుకొనిన రెక్క తన స్విచ్చుతో ఆ భారమును పుచ్చుకొనును. ప్రమాదవశమున ఇంజను నిలిచిపోయినచో పంపు పెట్రోలును చిమ్ముచుండరాదని పూర్వులు చేసిన యేర్పాటది. దానిని గ్రహించినపుడు ఆ పూర్వులయందు నాకు కలిగిన గౌరవము నేటికిని తఱుగలేదు. రెక్కనుండి వృద్ధునికి వచ్చుచుండిన తీగలలో నొకటి యిప్పుడు పనిలేక యుండెను గనుక, రెక్క ప్లగ్గుకడ చిన్న అడాప్టరు నమర్చి, పంపు రిలే తీగను దానితో కలిపి, పంపు పాలనము నాకప్పగించిరి. ఇంజను తిరుగుచున్న గుర్తు రెండు సెకనులు రాకపోయినచో నేనును పంపును ఆపివేయుదును. వ్రతభంగము కాలేదు.

రెండవ వ్యాధి నాలోనిదే. నిమిషమునకు 6,000 మార్లు తిరుగు నింజను ఒక్క డిగ్రీ తిరుగుటకు పట్టు కాలము సెకనులో 36,000వ వంతు. అట్టి వేగమున నాకు వచ్చు సంకేతములు స్ఫటికమువలె నిర్మలముగా నుండవలెను. నా తొలి సర్క్యూటు పలకలో ఇంజెక్టర్ల విద్యుత్తును, గ్రాహకముల విద్యుత్తును ఒకే రాగిదారిని వెనుకకు మరలుచుండుటచే, ఇంజెక్టరు తెఱచుకొనిన ప్రతిమాఱు పీడనపు కొలత తొట్రుపడుచు, నేను లేని గాలికి పెట్రోలు పోయుచుంటిని. ఆసిలోస్కోపు తెరపై ఆ తొట్రుపాటును చూచినవెంటనే నా కర్తలు ఆ పలకను ప్రక్కనబెట్టి, రెండు దారులను వేఱుచేసి ఒక్క బిందువునందే కలియునట్లు మరల గీసిరి. నేను రెండవ పలకను. మొదటిదాని దుఃఖము కథగా వినినదానను కాను, నా కార్యక్రమముతోబాటు మోసికొని వచ్చినదానను.

పదునాఱు వరుసలు, పదునాఱు నిలువులు గల నా పట్టికలోని 256 గడులను నింపుటకు వేసవి యంతయు పట్టెను. పొగగొట్టమున ప్రాణవాయువును కొలుచు గ్రాహకమును బిగించి, ఒకరు నడుపుచుండగా నొకరు ల్యాప్‌టాపును ఒడిలో నుంచుకొని, పెట్రోలొక పాలునకు గాలి 14.7 పాళ్లు కుదురువఱకు గడి తర్వాత గడి దిద్దిరి. అది శ్రమయే గాని కష్టము కాదు.

కష్టము హేమంతమున వచ్చెను. చలిలో పెట్రోలు ఆవిరిగాక గొట్టపు గోడల కంటుకొనును గనుక అధికముగా పోయవలెను. ఎంత యధికమో చల్లబడిన యింజనే చెప్పవలెను. ఒకమాఱు వేడెక్కిన యింజను మరల చల్లబడుటకు రాత్రి యంతయు కావలెను. దినమునకొక్క ప్రయత్నమే. యజమాని ప్రతి యుదయము చేతితొడుగులతో వచ్చి, తాళము త్రిప్పి, ఏమి జరిగినదో నోటుబుక్కులో వ్రాసి, నాలో నొక్క యంకెను మార్చి పోవుచుండెను. జనవరిలో నొకనాడు నా గ్రాహకము సున్నకు 14 డిగ్రీలు దిగువ చూపుచుండగా ఇంజను రెండవ చుట్టులోనే రాజుకొని, కొంచెము వడకి, నిలకడగా తిరుగనారంభించెను. ఆయన పెన్సిలు తీసి, కొంతసేపు విని, ఏమియు వ్రాయకయే నోటుబుక్కును మూసి, అద్దముపై మంచును గీకి ఉద్యోగమునకు బయలుదేరెను.