గిరీశానికి వైఫై దొరికింది!

1892లో విజయనగరంలో రంగమెక్కిన ‘కన్యాశుల్కం’ గిరీశం ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. చుట్ట మాత్రం మానేశాడు. ఇప్పుడు కోట దగ్గర టీకొట్టులో కూర్చుని, ఫోనులోంచి అభ్యుదయం ఒలకబోస్తున్నాడు.

పొద్దున్న అమెరికా ఎన్నికలు, మధ్యాహ్నం అమెజాన్ అడవులు, సాయంత్రం గాజా. బాబుకి అభిప్రాయం లేని ఖండం లేదు. ఉద్దానంలో కిడ్నీలు పాడైపోతున్న రైతుల సంగతి అడిగితే మాత్రం ‘అదెక్కడుందేటి?’ అని గూగుల్ మ్యాపు తెరిచాడు.

వలసలంటే ప్రాణం పెడతాడు. తేలినీలాపురం పక్షుల ఫొటోలు బోలెడు పెట్టాడు. పొట్ట చేతపట్టుకుని సిక్కోలు నుంచి గుజరాత్ వెళ్లి, 2018లో పాకిస్తాన్ చెరలో పడి, 2020 దాకా అక్కడే మగ్గిన మత్స్యకారులకు రెక్కల్లేవు కదా, ఫొటోకి నప్పలేదు.

భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒక ప్రభుత్వం, 2023లో మరో ప్రభుత్వం శంకుస్థాపన చేశాయి. ఏ రాయి అసలుదో తేల్చడానికి మనవాడు రెండు గంటలు లైవ్ పెట్టాడు. భూమి ఇచ్చిన రైతు మధ్యలో మాట్లాడబోతే బ్లాక్ చేశాడు.

ఇక పెళ్లి. ‘ఆ కాలంలో ఆడపిల్లకి వెల కట్టేవారట, ఛీ!’ అంటూ గురజాడ ఇంటి ముందు సెల్ఫీ దిగాడు. 1961లోనే చట్టం నిషేధించిన కట్నానికి తను బద్ధ వ్యతిరేకి. కాకపోతే పిల్ల తండ్రి విశాఖలో ఫ్లాటు ప్రేమగా ఇస్తుంటే వద్దనడం ఫాసిజమట! రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా మామగారే పెట్టుకుంటే సమసమాజం వచ్చేసినట్టే.