విక్టోరియా ఖజానా వారికి క్రెయిగీబర్న్ నుంచి డిమాండు నోటీసు

మహారాజశ్రీ విక్టోరియా రాష్ట్ర ఖజానా గారికి,
నంబరు 1, ట్రెజరీ ప్లేస్, మెల్‌బోర్న్.

క్రెయిగీబర్న్ వాస్తవ్యుడు, పన్ను చెల్లింపుదారు, ఓటరు అయిన మీ విధేయుడు వ్రాసుకున్న బహిరంగ లేఖ.

ఇక్కడ మేమంతా క్షేమం. కార్లు క్షేమమో కాదో తెల్లారాక బయటికి వెళ్లి చూసి చెప్పాలి. మీ క్షేమసమాచారాలు 2025 మే నెల బడ్జెట్‌లో తెలిశాయి. 2028-29 నాటికి మీ నికర అప్పు 19,400 కోట్ల డాలర్లకు చేరుతుందట. అప్పటికి వడ్డీయే ఏడాదికి వెయ్యి కోట్ల డాలర్లు దాటి, గంటకి 12 లక్షల లెక్కన పడుతుందట. నేనీ ఉత్తరం రాసి, తప్పులు దిద్ది, టీ తాగి వచ్చేలోగా మా పేటలో ఒక ఇల్లూ, అందులోకి సామానూ, గ్యారేజీలోకి కారూ కొనేంత సొమ్ము వడ్డీ కింద కరిగిపోతుందన్నమాట. అందుకే సుత్తి లేకుండా సంగతిలోకి వస్తాను.

ముందుగా ఒక మాట. పన్నులంటే ఏడ్చే రకం కాదండీ మేము. నగరానికి పాతిక కిలోమీటర్ల ఉత్తరాన, గొర్రెలు మేసిన బీళ్లలో ఇళ్లు కట్టుకుని, ముప్పై ఏళ్ల లోను నెత్తిన పెట్టుకుని, ఆరున్నర రైలుకి పరిగెత్తేవాళ్లం. మా ఊరికి రైల్వే స్టేషను 1872లో వచ్చింది, కరెంటు రైలు 2007లో వచ్చింది. ఓపిక విషయంలో మాకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు.

మాకు అర్థంకానిది ఒక్కటే. మీరు మాకు పంపే ప్రతి కాగితం మీదా గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే వడ్డీ ఉంటుంది. మీరు మాకిచ్చిన మాటలకు మాత్రం ఆ రెండూ ఉండవు. ఎందుకని?

కౌన్సిల్ రేట్ల నోటీసే తీసుకుందాం. కౌన్సిల్ వారి సొంత పద్దులు అయ్యాక కింద ఇంకో పద్దు కనిపిస్తుంది: ఎమర్జెన్సీ సర్వీసెస్ అండ్ వాలంటీర్స్ ఫండ్. ఇది కౌన్సిల్‌ది కాదు, మీది. వసూలు చేసి మీకు పంపే పని వాళ్లది, తిట్లు తినే పనీ వాళ్లదే. 2009 బ్లాక్ సాటర్డే కార్చిచ్చులో 173 మంది పోయాక, విచారణ కమిషన్ చెప్పిన మీదట 2013లో ఫైర్ సర్వీసెస్ లెవీ పెట్టారు. సబబే, ఎవరూ కాదనలేదు. 2025 జులై 1 నుంచి దాని స్థానంలో ఈ కొత్తది వచ్చింది. ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకీ 8.7 సెంట్లు ఉన్న రేటు 17.3 సెంట్లయింది. దానిపైన స్థిరంగా 136 డాలర్లు. ఏడు లక్షల డాలర్ల ఇంటికి అంతకుముందు ఏడాది సుమారు 193 డాలర్లయితే ఆ ఏడాది 257.

అరవై నాలుగు డాలర్లకి ఇంత గొడవేమిటని అడగొచ్చు. గొడవ డాలర్ల గురించి కాదు. మంటలార్పే వాళ్లూ, వరదల్లో ఇసుక మూటలు మోసే వాలంటీర్లూ, ట్రిపుల్ జీరో అత్యవసర ఫోనెత్తేవాళ్లూ నిన్నా ఉన్నారు, నేడూ ఉన్నారు. వాళ్ల ఖర్చులో కొంత నిన్నటిదాకా మీ మామూలు పద్దులోంచే వెళ్లేది. ఇప్పుడది మా నోటీసులోకి దిగింది. మరి అక్కడ మిగిలిన సొమ్ము ఎటు పోయింది? రైతులూ, వాలంటీర్ ఫైర్‌మెన్‌లూ పార్లమెంటు మెట్ల దగ్గర గొంతు చించుకునేసరికి రైతుల వరకు పెంపు ఆపారు. మాకు ట్రాక్టర్లు లేవు. రూఫ్‌రాక్ ఉన్న టొయోటాలున్నాయి, అవీ దొంగల పాలవకుండా తెల్లారేదాకా ఉంటే. ఆంధ్రాలో 2021లో చెత్త పన్ను వేస్తే జనం ఎంత గింజుకున్నారో, తర్వాతొచ్చిన ప్రభుత్వం దాన్ని ఎత్తేసి ఎన్ని మార్కులు కొట్టేసిందో మా బంధువులు మాకు కథలు కథలుగా చెప్పారు. చిన్న పన్నులు చిన్నవని అనుకోకండి.

ఇంకొకటి, కోవిడ్ అప్పు తీర్చే లెవీ. 2024 జనవరి నుంచి పదేళ్లపాటు. అంతకుముందు సొంతిల్లు కాక మన పేరు మీదున్న స్థలం విలువ మూడు లక్షల డాలర్లలోపైతే ల్యాండ్ టాక్స్ ఉండేది కాదు. ఇప్పుడు యాభై వేల నుంచే మొదలు. రెండున్నర లక్షల స్థలానికి ఏటా 975 డాలర్లు. పెద్ద పెద్ద భూస్వాములకే కదా అంటారేమో. మావాళ్లలో భూస్వామి అంటే, పిల్లాడి చదువుకో, ఊళ్లో అమ్మానాన్నల వైద్యానికో పనికొస్తుందని అప్పు మీద ఇంకో చిన్న ఇల్లు కొని అద్దెకిచ్చినవాడు. ఆ 975నీ అద్దెలో కలపాలని చూస్తాడు. అందులో అద్దెకున్నది నిన్నగాక మొన్న హైదరాబాద్ నుంచి దిగిన స్టూడెంట్లు. కోవిడ్ నాడు పదో తరగతి పరీక్షలు లేకుండా పాసైన పిల్లలు, నేడు విక్టోరియా కోవిడ్ అప్పు తీరుస్తున్నారు.

ఇక ఖర్చుల పద్దు. 2026 కామన్వెల్త్ క్రీడలు మేమే జరుపుతామని 2022 ఏప్రిల్‌లో సంబరం చేశారు. 2023 జులై 18న, ఖర్చు భరించలేమని చేతులెత్తేశారు. 38 కోట్ల డాలర్ల పరిహారంతో కలిపి ఈ ముచ్చటకు 58 కోట్ల 90 లక్షలు అయ్యాయని 2024లో మీ ఆడిటర్ జనరలే తేల్చారు. మా తెలంగాణలో మేడిగడ్డ బ్యారేజీ కట్టాక కుంగింది. మీ క్రీడలు కట్టకముందే కుంగాయి. ఇదివరకు ఈస్ట్ వెస్ట్ లింక్ రోడ్డుకీ ఇదే గతి: ఎన్నికల ముందు ఒక ప్రభుత్వం హడావుడిగా సంతకం పెట్టింది, తర్వాతి ప్రభుత్వం రద్దు చేసింది, వేయని రోడ్డుకు 110 కోట్లు పైగా అయ్యాయి. కాబట్టి ప్రతిపక్షం వారు ఈ ఉత్తరం చదివి చప్పట్లు కొట్టనక్కర్లేదు. ఏడాది తిరక్కుండా రెండుసార్లు నాయకుణ్ని మార్చుకున్న పార్టీ మాకు స్థిరత్వం గురించి చెప్తే వినడానికి ఇంకా సమయం ఉంది.

మంచి చేసినచోట మంచే అంటాను. గేటు పడితే పావుగంట ఆగే లెవెల్ క్రాసింగులు ఎన్నో తీసేశారు. 2025 నవంబరు 30న మెట్రో టన్నెల్ తెరిచారు, చూడముచ్చటగా ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు రైలు, బస్సు ఉచితం చేశారు. కానీ చెల్టెన్‌హామ్ నుంచి బాక్స్ హిల్‌కి వేసే సబర్బన్ రైల్ లూప్ మొదటి ముక్కకే 3,450 కోట్లు, 2035కి పూర్తి. అది మాకు ఊరికి ఆ చివర. ఉత్తరం వైపు తిరిగి విమానాశ్రయం చేరేది 2053కి. విమానాశ్రయం మా ఇంటి మీదుగా విమానాలు దిగేంత దగ్గర. అక్కడికి రైలు లేదు. 2018లో ఒప్పుకున్న ఎయిర్‌పోర్టు రైలు ఇప్పుడు 2033 అంటున్నారు. అర్ధరాత్రి దిగిన అమ్మానాన్నలను తేవడానికి మేం కార్లోనే వెళ్తున్నాం.

కారంటే గుర్తొచ్చింది. మా వీధి వాట్సాప్ గ్రూపులో ఒకప్పుడు కరివేపాకు మొక్కలూ, బొమ్మల కొలువు పిలుపులూ ఉండేవి. ఇప్పుడు రాత్రి పదింటికి ఒకటే ప్రశ్న: "గ్యారేజ్ డోర్ పడిందా?" నంబరు ప్లేట్లు ఊడదీసుకుపోతున్నారని విప్పరాని స్క్రూలు బిగించాం. స్టీరింగ్‌కి పసుపుపచ్చ ఇనుప లాకు వేశాం. తాళంచెవి సిగ్నల్ దొంగిలిస్తారంటే ఫాయిల్‌లో చుట్టి పాత పోపుల డబ్బాలో పెట్టాం. తీరా చూస్తే దొంగలకు తాళంచెవితో పనే లేదట. కారులోకి దూరి, చిన్న పరికరం గుచ్చి, కొత్త తాళంచెవి వాళ్లే తయారు చేసుకుంటున్నారని పోలీసులే చెప్పారు. డబ్బా మళ్లీ వంటింట్లోకి వెళ్లింది, తాళంచెవికి ఇంగువ వాసన మిగిలింది.

ఇది మా పేట పిరికితనం కాదు. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో రాష్ట్రంలో నమోదైన నేరాలు 17 శాతం పెరిగి 6 లక్షల 27 వేలు దాటాయని మీ క్రైమ్ స్టాటిస్టిక్స్ ఏజెన్సీ లెక్క. ఇందులో మీకో లాభం కూడా ఉంది, గమనించారా? కార్లు పోయేకొద్దీ ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుతుంది. దానికి జీఎస్టీ కలుస్తుంది. ఆ మొత్తం మీద మీ స్టాంపు డ్యూటీ 10 శాతం. అంటే మా వీధిలో దొంగ పడ్డప్పుడల్లా మీ గల్లాపెట్టెలో కూడా చిల్లర పడుతుంది. మీరు కావాలని చేశారని అనను. కానీ నేరం పెరిగితే ఆదాయం పెరిగే ఖజానాకు తొందర ఎందుకుంటుందని మావాళ్లు గొణుక్కుంటే నా దగ్గర జవాబు లేదు.

చట్టాల సంగతి చూడండి. చిన్నపాటి దొంగతనం ఆరోపణల మీద పట్టుబడి, బెయిలు రాక, వెరోనికా నెల్సన్ అనే ఆదివాసీ మహిళ 2020 జనవరిలో జైల్లో ప్రాణాలొదిలింది. బెయిలు చట్టం మార్చాల్సిందే. 2024 మార్చిలో సడలింపు అమలైంది. సరిగ్గా ఏడాదికి, 2025 మార్చిలో, దేశంలోకెల్లా కఠినమైన బెయిలు అంటూ మళ్లీ బిగించారు. సడలించినప్పుడు బెయిలు మీద బయటికొచ్చే కుర్రాళ్లను దారిలో పెట్టే మనిషిని పక్కన పెట్టారా? బిగించినప్పుడు కేసు త్వరగా తేల్చే కోర్టు పెట్టారా? చట్టం ఊయలలా అటూ ఇటూ ఊగితే భయం పోయేది దొంగకే. ఈ నేరాలన్నీ ఫలానా దేశం వాళ్ల పిల్లల మీదికి నెట్టే మాటలు మా ఇళ్లలోనూ వినబడుతున్నాయి. అవి నాకు నచ్చవు. రంగు చూసి మనిషిని లెక్కగట్టడం ఎలా ఉంటుందో 2009లో మెల్‌బోర్న్ రైళ్లలో ఇండియన్ స్టూడెంట్లను అడిగితే చెప్పేవారు.

నార్త్‌ల్యాండ్ షాపింగ్ సెంటర్‌లో 2025 మేలో మెషెటీలతో కొట్టుకున్నాక, ఆ కత్తులను సెప్టెంబరు 1 నుంచి నిషేధించారు. స్వచ్ఛందంగా వదిలేసేందుకు పోలీస్ స్టేషన్ల దగ్గర డబ్బాలు పెట్టారు. రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు ఆ వార్త విని, ముందు తన కత్తిపీట దాచేశారు. వంటింటి కత్తులకు మినహాయింపు ఉందని చదివి వినిపించాక శాంతించి, ఒక్కటే అడిగారు: "కత్తి తెచ్చి డబ్బాలో వేసి వెళ్లేవాడు దొంగెందుకవుతాడు బాబూ?" ఈ ప్రశ్న మీ కార్యాలయానికి యథాతథంగా పంపుతున్నాను.

ఆసుపత్రి మాట ముక్తసరిగా. 2018 ఎన్నికల్లో పది కమ్యూనిటీ ఆసుపత్రులన్నారు, అందులో మాదీ ఒకటి. సంతోషం. కానీ దానికి ఎమర్జెన్సీ విభాగం లేదు. అర్ధరాత్రి గుండె పట్టుకుంటే మళ్లీ ఎప్పింగ్‌లోని నార్తర్న్ హాస్పిటల్‌కే, రాష్ట్రంలోనే అత్యంత రద్దీ ఎమర్జెన్సీల్లో ఒకదానికే పరుగు.

కావున మీ పద్ధతిలోనే మీకీ నోటీసు.

ఒకటి: కొత్త లెవీ వేసిన ప్రతిసారీ, పాత పద్దులో మిగిలిన సొమ్ము ఎక్కడికి పోయిందో అదే కాగితం మీద రాయాలి.

రెండు: ఇన్సూరెన్స్ స్టాంపు డ్యూటీలో కార్ల మీద వచ్చిన వాటా ఎంతో చెప్పి, దాన్ని కారు దొంగతనాలు తగ్గించే పనికే కేటాయించాలి.

మూడు: ప్రాజెక్టు ప్రకటించేటప్పుడు పూర్తయ్యే తేదీతో పాటు, తేదీ తప్పితే జవాబు చెప్పే మంత్రి పదవి పేరూ రాయాలి. రద్దు చేస్తే ఎంత నష్టమో సంతకానికి ముందే చెప్పాలి.

గడువు తేదీ: 2026 నవంబరు 28, శనివారం. ఆ రోజు మా దగ్గర్లోని స్కూల్లో రాష్ట్ర ఎన్నికల ఓటింగు. మీరు ఈ నోటీసు చూసుకోకపోయినా మేం మాత్రం తప్పకుండా వెళ్తాం. వెళ్లకపోతే మాకు జరిమానా వేసేదీ మీరే కదా.

ఇట్లు,
గడువులోగా అన్నీ కట్టిన
క్రెయిగీబర్న్ వాస్తవ్యుడు